పురుగుకి మెదడేంటండీ

ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది.

బి బ్లాక్ వాటర్ ట్యాంకు కింద తేనెపట్టు ఉంది కదా, సంక్రాంతి వెళ్ళాక పట్టింది. ఇవాళ దానికి మందు కొట్టించేశారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. మెట్ల మీద, స్కూటర్ సీట్ల మీద, మా బాల్కనీలో తులసికోట చుట్టూ ఎక్కడ చూసినా ఈగలే. చచ్చినవి కొన్నే, చావనివి ఎక్కువ. వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. ఒకదాన్ని కాగితం మీదికి ఎత్తి దగ్గరగా చూశాను. నాలుక బయటికి చాచేసింది. ఆరు కాళ్ళూ ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా కొట్టుకుంటున్నాయి. వెనక కాలికి పసుపు రంగు పుప్పొడి ముద్ద అలాగే ఉంది. పాపం, మేతకి వెళ్ళి తిరిగొచ్చింది.

లిఫ్ట్ దగ్గర సెక్రటరీ గారు కనిపిస్తే అడిగాను, ముందు ఒక మాట చెప్పొచ్చు కదండీ, నరాలు మెలితిరిగి చస్తున్నాయి అని. "పురుగుకి మెదడేంటండీ మేడమ్, నరాలేంటి" అని నవ్వి లిఫ్ట్ ఎక్కేశారు. ఏ మందు కొట్టారో కూడా చెప్పలేదు.

ఇన్నేళ్ళుగా ఇంటర్ పిల్లలకి బొద్దింక నాడీమండలం బొమ్మ గీసి చెప్తున్న మనిషిని. ఆ నవ్వు భరించలేకపోయాను. తేనెటీగ మెదడు దాదాపు ఒక ఘన మిల్లీమీటరు. అందులో దాదాపు 10 లక్షల నాడీకణాలు. నాడీకణాల మధ్య కబుర్లు మోసే డోపమిన్, సెరటోనిన్ లాంటి రసాయనాలు మనలో ఉన్నట్టే అక్కడా ఉన్నాయి. మనలో నార్‌అడ్రినలిన్ చేసే పనులు చాలావరకు పురుగుల్లో ఆక్టోపమిన్ చేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ మనకి కండరాన్ని కదిలిస్తే, పురుగుకి మెదడులో కబుర్లు మోసే ముఖ్యమైన రసాయనం అదే. కబురు చేరాక దాన్ని వెంటనే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి, కబురు ఆగదు, ఒళ్ళంతా కొట్టుకుంటూనే ఉంటుంది. పొలంలో ఆ మందు కొడుతూ రైతు పడిపోయేదీ ఇందుకే. నరాలు లేని వాటికి నరాల మందు ఎందుకు కొట్టించారండీ అని అడగాల్సింది. అప్పటికే లిఫ్ట్ తలుపు మూసుకుపోయింది.

1993లో బెర్లిన్‌లో మార్టిన్ హామర్ అనే శాస్త్రవేత్త తేనెటీగలో ఒకే ఒక్క నాడీకణాన్ని పట్టుకున్నాడు. ఆక్టోపమిన్ వదిలే కణం అది. ఒక వాసన చూపించి, చక్కెర పెట్టకుండా, ఆ కణాన్ని మాత్రం కరెంటుతో ప్రేరేపిస్తే చాలు, ఆ వాసన వస్తే తీపి దొరుకుతుందని ఈగ నేర్చేసుకుంది. తీపి అన్న కబురు అంత చిన్న తలలో ఒక్క కణం మోస్తోంది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

2011లో ఇంగ్లండులో న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది ఇంకోటి. ఒక వాసనకి తీపి, ఇంకో వాసనకి చేదు అని ఈగలకి అలవాటు చేశారు. తర్వాత కొన్నిటిని ఒక నిమిషం పాటు బాగా కుదిపి, రెండు వాసనలూ కలిపి పెట్టారు. కుదిపిన ఈగలు తీపి కోసం నాలుక చాచడానికి వెనకాడాయి, చేదే వస్తుందన్నట్టు. అలా కుదిపిన ఈగల రక్తంలో ఆక్టోపమిన్, డోపమిన్, సెరటోనిన్ తగ్గి ఉన్నాయి.

ఇది తలుచుకుంటే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు విశాఖలో లాసన్స్ బే దగ్గర అద్దెకుండేవాళ్ళం. కిటికీ అద్దం పగిలి వాన అడ్డంగా ఇంట్లోకి కొట్టింది, మంచాన్ని తలుపుకి అడ్డం పెట్టి మామయ్యగారూ ఈయనా వంతులవారీగా పట్టుకున్నారు. మర్నాడు బయటికొస్తే వీధిలో నిద్రగన్నేరు వేళ్ళతో సహా పడుంది. దాని కొమ్మకి ఉండే పట్టు చితికిపోయింది. మిగిలిన ఈగలు ప్రహరీ గోడ మీద నల్లటి ముద్దలా అంటుకుని కూర్చున్నాయి. కరెంటు లేదు, నీళ్ళ ట్యాంకర్ కోసం బిందెలతో అందరం ఆ గోడ పక్కనే నిలబడ్డాం. ఒక్కటీ లేవలేదు, ఎవర్నీ కుట్టలేదు. మామయ్యగారు చిన్న పళ్ళెంలో పంచదార నీళ్ళు పెట్టారు. చాలాసేపటి దాకా అవి దగ్గరికే రాలేదు. మేం మాత్రం బాగున్నామా? ఆ తర్వాత ఎన్నాళ్ళో, రాత్రి గాలికి తలుపు కొట్టుకుంటే మావాడు లేచి మంచం కిందికి దూరేవాడు. మామూలు గాలి కూడా మాకు తుపానుగాలే.

ఈగలూ మనలాగే కుమిలిపోతాయని రాద్దామనే మొదలుపెట్టాను. రాస్తుంటే అలా అనబుద్ధి కావడం లేదు. రసాయనం ఒకటే అయినంత మాత్రాన లోపలి అనుభవం ఒకటే అనలేం. ఆ పరీక్ష చూపించింది బాధని కాదు, దెబ్బ తిన్న తర్వాత ప్రపంచాన్ని చేదుగా అంచనా వేయడాన్ని. నాకు అదీ తక్కువేం కాదు.

సెక్రటరీ గారి మీద కోపం కూడా సగం తగ్గింది. మూడో ఫ్లోర్ పాపకి పోయినవారం మొహమంతా వాచి, రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరిగెత్తారు. ఇవి పెంపుడు ఈగలు కావు, పెద్ద కొండ ఈగలు, గుంపుగా పడితే ప్రాణం మీదికొస్తుంది. పట్టు తీయించాల్సిందే. కానీ ఎవరికీ చెప్పకుండా, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకి మందు కొట్టించడమేంటి? పట్టు దించేవాళ్ళు లేరా ఈ ఊళ్ళో? రాత్రి పూట పొగ పెట్టి దించొచ్చు కదా. తగ్గని కోపం ఆ సగం.

ఇవాళ మంచి కూడా ఒకటి జరిగింది. అనంతగిరి వైపు నుంచి వచ్చే అమ్మాయి క్లాసులో లేచి, "మిణుగురు ఎప్పుడు వెలగాలో దానికెవరు చెప్తారు మేడమ్" అని అడిగింది. దాని దీపాన్ని వెలిగించే నరాలు వదిలేదీ ఆక్టోపమినే అని చెప్తే ఆ పిల్ల మొహం విప్పారింది.

వాచ్‌మన్ భార్య పట్టు ముక్కలు గిన్నెలోకి ఏరుతుంటే వద్దన్నాను, మందు పడిన తేనె తినకూడదని. తల ఊపింది గానీ పారేసినట్టు లేదు. పొద్దున్న కాలేజీకి వెళ్ళేముందు కిందికి దిగి అడగాలి, పిల్లలకి పెట్టకముందే.