అమ్మ బొమ్మ గీస్తే పెద్దమ్మ వచ్చింది

నిన్న రాత్రి అమ్మ బొమ్మ పూర్తయింది. ఇది రెండోసారి గీసింది. మొదటిసారి నేను పడ్డ అవమానం ఇంకెవరూ పడకూడదని, వేళ్ళకంటిన రంగు ఇంకా వదలకముందే కూర్చుని రాస్తున్నాను.

ఇంట్లోవాళ్ళందరి ముఖాలూ కలర్ పెన్సిళ్ళతో గీయాలని ఏడాది కిందట మొదలుపెట్టాను. మొదట తమ్ముడిది. వాడికి గడ్డం, కళ్ళజోడు ఉన్నాయి. ఆ రెండూ కుదిరితే పోలిక దానంతటదే వస్తుంది, వచ్చింది. తర్వాత చిన్ననాటి స్నేహితుడిది, అదీ పది రోజుల్లో అయిపోయింది. ఫోటో మీదా కాగితం మీదా గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నది దించుకోవడం ఓపికున్న ఎవరికైనా వస్తుంది. కళ్ళు తల పొడవులో దాదాపు సగానికి ఉంటాయని, రెండు కళ్ళ నడుమ ఇంకో కన్ను పట్టేంత చోటుంటుందని గుర్తుంటే చాలు. కాగితం మాత్రం మంచిది కొనండి. నేను వాడేది 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) బరువున్న, నున్నటి హాట్ ప్రెస్ వాటర్‌కలర్ కాగితం. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం నాలుగు పూతలకే నిండిపోయి ఐదో పూతని పట్టదు.

మూడోది అమ్మది.

అమ్మది చామనఛాయ. నా పెట్టెలో చర్మం రంగు అని పేరున్నవన్నీ లేత గులాబీలే. అమెరికాలో క్రేయాన్లు చేసే క్రేయోలా వాళ్ళు 'ఫ్లెష్' (ఒంటి రంగు) అన్న క్రేయాన్ పేరుని 1962లోనే 'పీచ్' అని మార్చారు. అయినా చర్మం అంటే ఒకటే రంగు అన్న ఆలోచన ఇప్పటికీ పెట్టెల్లోంచి పోలేదు, నాకు దాని మీద చాలా కోపం. చామనఛాయ ఏ ఒక్క పెన్సిల్‌తోనూ రాదు. ముందు ముఖమంతా ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పల్చగా, దాని మీద బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), బుగ్గల మీద ఇటుక రంగు, దవడ కిందా మెడ మీదా ఊదా. బాగా చీకటిగా ఉన్న చోట ఇండిగో (ముదురు నీలం), ముదురు గోధుమ కలిపి వేయాలి. నలుపు జోలికి వెళ్ళకండి, ముఖానికి మసి పూసినట్టుంటుంది. ఇదంతా అమ్మ ముఖం గీస్తూనే నేర్చుకున్నాను. ఆమె రంగు నాకు కుదిరిందని గర్వంగానే చెబుతాను.

ముప్పై ఎనిమిది రోజులు, రోజుకి గంటన్నర. పూర్తయిన ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు తెచ్చి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మని వెలుతురులోకి తిప్పుకుని చూసింది.

"అచ్చం మా అక్కేరా! ఎంత బాగా గీశావు! దాని ఫోటో నీ దగ్గర ఎక్కడిది?" అంది.

నిజంగా మెచ్చుకుంటోంది. చెల్లి తొంగి చూసి, "అవును, పెద్దమ్మే" అంది. తమ్ముడు తలూపాడు. నాన్న మాత్రం బొమ్మని చూసి, నా ముఖం చూసి ఊరుకున్నారు. నాకు గొంతు పెగల్లేదు. చివరికి "అవునమ్మా, పెద్దమ్మదే" అన్నాను. అబద్ధం చెప్పాను. కింద మూలన సన్నగా 'అమ్మ' అని రాసుకున్నది ఎవరూ చూడకుండా బొటనవేలితో మూసిపెట్టాను.

పెద్దమ్మ అమ్మకంటే తొమ్మిదేళ్ళు పెద్దది.

తర్వాత రెండు వారాలు పెన్సిల్ పెట్టె తెరవలేదు. ఒక రాత్రి నాన్నే వచ్చి, "అది మీ అమ్మదే కదరా? కళ్ళు తనవే. మిగతాదే ఎక్కడో దారి తప్పింది" అన్నారు. ఆ మాట పట్టుకునే మళ్ళీ కూర్చున్నాను.

ఫోటోనీ బొమ్మనీ పక్కపక్కన తలకిందులుగా పెట్టి చూశాను. అలా పెడితే అది అమ్మ అన్న సంగతి కన్ను మరిచిపోతుంది, ఆకారాలే కనిపిస్తాయి. తర్వాత రెండింటినీ ఫోన్లో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చాను. అప్పుడు తెలిసింది. ఫోటోలో అమ్మ ముడతలు దాదాపు కనిపించట్లేదు, లేత బూడిద నీడల్లా కలిసిపోయి ఉన్నాయి. నా బొమ్మలో అవే ముడతలు దారాలు కుట్టినట్టు లేచి ఉన్నాయి. కష్టపడి ఒక్కోటీ ముదురు గోధుమతో, ముల్లులా చెక్కిన పెన్సిల్‌తో గీశాను మరి. ముడత గీత కాదు. అది చిన్న లోయ: ఒక పక్క మెత్తటి నీడ, పక్కనే సన్నటి వెలుగు. ఆ వెలుగు వేయకుండా నీడని గీతగా మారిస్తే ఎవరికైనా పదేళ్ళు పెరుగుతాయి. కళ్ళలో తెల్లగుడ్డు కూడా అంతే, అది తెల్లగా ఉండదు. పైరెప్ప నీడ దాని మీద పడుతుంది, బూడిదరంగు వేయకపోతే బెదిరిపోయి చూస్తున్నట్టుంటుంది. ఇది నాకు ముందే తెలుసు, అందుకే నాన్నకి కళ్ళు దొరికాయి.

రెండో తప్పు ఫోటోది. ఫోన్‌ని మూరెడు దూరంలో పెట్టి తీశాను. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు కెమెరాకి దగ్గర, చెవులు దూరం. ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. నేను గళ్ళు గీసి ఎంత నిజాయితీగా దించితే అంత నిజాయితీగా ఆ తప్పూ దిగింది. పెద్దమ్మ ముక్కు అమ్మ ముక్కుకన్నా పెద్దది. పెద్ద ముక్కూ, పైన పదేళ్ళూ కలిస్తే ఇంకెవరు వస్తారు?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నలభై గంటల పనిని పది నిమిషాలకి కుదించి వీడియోలు పెట్టేవాళ్ళు నేర్చుకునేవాళ్ళకి అన్యాయం చేస్తున్నారు. మూడో పూత దగ్గర ప్రతి ముఖమూ మచ్చలు మచ్చలుగా, వికారంగా ఉంటుంది. దాన్ని రెండు సెకన్లలో దాటించేస్తే, చూసేవాడు తన బొమ్మ ఆ దశకి రాగానే తనకి చేతకాదనుకుని చింపేస్తాడు. నేనలా రెండు చింపాను.

రెండోసారి అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండు మీటర్ల దూరం జరిగి, జూమ్ చేసి తీశాను. ఫ్లాష్ లేదు. గీయడం మొదలుపెట్టే ముందే, ఇంకు అయిపోయిన బాల్‌పాయింట్ పెన్నుతో నెరిసిన వెంట్రుకలన్నీ కాగితంలోకి నొక్కి గీశాను. తర్వాత జుట్టు మీద ముదురు రంగు ఎంత వేసినా ఆ గాడిలోకి దిగదు, వెంట్రుక తెల్లగా నిలుస్తుంది. మొదటిసారి ఇది చేయక, చివర్లో తెల్ల పెన్సిల్‌తో దిద్దబోతే బూడిద పూసినట్టయింది. పెన్సిల్లోని మైనం కాగితం గరుకునంతా నింపేశాక పైన ఇంకేదీ పట్టదు. అందుకే ముఖానికీ చెయ్యి తేలిగ్గా, పెన్సిల్ బరువే పెన్సిల్‌ని నడిపేంత తేలిగ్గా, పది పన్నెండు పూతలు. ముడతలకి గీతలు లేవు, నీడలే.

మైనం పెన్సిళ్ళు వాడేవాళ్ళకి ఇంకోటి. కొన్ని వారాలకి ముదురు రంగుల మీద తెల్లటి పొర కమ్ముతుంది. బూజు కాదు, మైనమే పైకి తేలుతుంది. మెత్తటి బట్టతో తేలిగ్గా తుడిచి, ఫిక్సెటివ్ (రంగుని కాగితానికి పట్టి ఉంచే స్ప్రే) పల్చగా రెండుసార్లు కొట్టండి. పాలిక్రోమోస్ లాంటి నూనె ఆధారిత పెన్సిళ్ళతో ఈ బాధ ఉండదు. రంగు వెలిసిపోవడం వేరే సంగతి. ఏఎస్‌టీఎం డి6901 అని, రంగు వెలుతురుకి ఎంత నిలుస్తుందో చూసేందుకు కలర్ పెన్సిళ్ళ కోసమే ఒక ప్రమాణం ఉంది, కొనేటప్పుడు చూసుకోండి. నేను నా రంగులన్నీ ఒక పట్టీ మీద వేసి, సగం మూసి కిటికీకి అంటించాను. మూడు నెలలకి రెండు గులాబీలు, ఒక ఊదా మాయమయ్యాయి. అవి ఇక అమ్మ ముఖం మీదకి రావు.

ఫ్రేము కట్టేవాళ్ళని నమ్మకండి. తమ్ముడి బొమ్మ ఇస్తే ఆయన అద్దాన్ని నేరుగా బొమ్మకి ఆనించి బిగించేశాడు. మధ్యలో మౌంట్ (అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ పెట్టే అట్ట చట్రం) పెట్టమని చెప్పినా "ఏం కాదు సార్" అన్నాడు. గడ్డం రంగు అద్దానికి అంటుకుంది. ఈసారి మౌంట్ నేనే కోసుకుని, దగ్గర నిలబడి కట్టించుకుంటాను.

నిన్న రాత్రి అమ్మకి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎందుకో కొంచెం వేరేగా ఉన్నానురా" అంది. నా గుండె జారింది. అంతలో గుర్తొచ్చింది: అమ్మ తన ముఖాన్ని రోజూ చూసేది అద్దంలో, కుడి ఎడమైన ముఖం. చెయ్యి పట్టుకుని అద్దం దగ్గరికి తీసుకెళ్ళి, బొమ్మని చెంప పక్కన పట్టుకోమన్నాను. అద్దంలో రెండు ముఖాలూ ఒకేలా తిరిగాయి. అమ్మ గడ్డం మీది మచ్చని ఒకసారి తన ముఖం మీద, ఒకసారి బొమ్మ మీద తాకి చూసుకుంది. "ఇది నేనే" అంది.

అప్పుడు మొదటి బొమ్మ సంగతి చెప్పేశాను. అమ్మ నవ్వలేదు. దాన్ని ఫ్రేము కట్టించి పెద్దమ్మకి పంపమంది. మూలన రాసిన 'అమ్మ' చెరుపుతానంటే, "ఉండనీ, అది నీకు అమ్మ కాదా?" అంది.