అద్దింటి అడ్వాన్సు తిరిగి రాబట్టుకున్నాం – నా అనుభవం

నిన్న సాయంత్రమే డబ్బులు పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

భీమవరంలో మేం ఉన్నది మేడ కింద వాటా. అద్దె పది వేలు, అడ్వాన్సు ముప్పై వేలు. 2022 ఏప్రిల్ 4న ఊరు జిల్లా కేంద్రం అయిన దగ్గర్నుంచి ఓనర్లు ఎంతంటే అంత. ఇల్లు చూపించిన బ్రోకరు నెలద్దె కమిషన్ పుచ్చుకున్నాక మళ్లీ ఫోనెత్తితే ఒట్టు. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకి రాసుకున్నాం. ఇక్కడ అందరిదీ ఆ లెక్కే. ఖాళీ చేస్తామని నెల ముందు వాట్సాప్‌లో చెబితే "అలాగేనండి" అన్నారు. అక్కడిదాకా ఏ పేచీ లేదు.

సామాన్లు ఆటోకి ఎక్కిస్తుంటే ఓనరుగారు పెన్సిల్ పట్టుకుని దిగారు. గోడకి మేకు కొట్టిన ప్రతిచోటా సున్నా చుట్టడం, పక్కన నంబరెయ్యడం. దేవుడి పటం మేకు, కేలెండర్ మేకు, దోమతెర మేకు... దేన్నీ వదల్లేదు. తర్వాత వంటింట్లోకెళ్లి స్టవ్ గట్టు కింద గోడని గోటితో గీకారు. పొడిపొడిగా తెల్లటి ఉప్పు రాలింది. "నీళ్లు కొట్టి కొట్టి గోడ నాశనం చేశారండీ. పెయింటింగ్‌కి పద్దెనిమిది వేలు పట్టుకుంటాను" అన్నారు. చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లో గోడకి చెమ్మెక్కి ఉప్పు తేలడం మేం నేర్పిన విద్యా? అదే అడిగాను. ఆయన నాకు జవాబు చెప్పలేదు. పై వాటా వాళ్లు మెట్ల మీంచి చూస్తుండగా మా అత్తగారి వైపు తిరిగి, "మీ వాళ్లకి ఇల్లివ్వడమే నాది బుద్ధి తక్కువ" అన్నారు. చేరేటప్పుడు "మీరేవిట్లండీ" అని నవ్వుతూ కులం అడిగిన మనిషే. అత్తగారు మాట్లాడకుండా చీపురు తీసుకుని ఆ రాలిన ఉప్పు ఊడ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆయన "పోనీలే, ఊళ్లో మొహమొహాలు చూసుకోవాలి" అన్నాడు. ఈ మొహమాటమే కదా ఓనర్ల పెట్టుబడి!

కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది, నేను అక్కడికెళ్లాను. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం. కేసు వెయ్యక ముందే, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడి వకీలు మంచాయన. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టంలో ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదనుందని నేను ఫోన్లో చూపిస్తే, "అది నమూనానేనమ్మా, నేరుగా చెల్లదు. మీకు పనికొచ్చేది ఇది" అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ తీశారు. అగ్రిమెంట్లో వేరేగా రాసుకోకపోతే, అద్దెకున్నవాళ్లు ఇంటిని చేరినప్పుడున్న స్థితిలో అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకీ, మనిషి ఆపలేని శక్తులు చేసే నష్టానికీ వాళ్ల పూచీ లేదు. మా అగ్రిమెంట్లో పెయింటింగ్ మాటే లేదు.

ఇక చేరేనాటికి గోడ ఎలా ఉందో చూపించాలి. చేరిన రోజు పాలు పొంగించాం కదా, మా మరిది తీసిన ఫొటోల్లో గిన్నె మీంచి పాలు పొర్లుతున్నాయి, కింద గట్టు పక్కన గోడ ఉబ్బి పెచ్చులూడి ఉంది. తేదీతో సహా! ఫొటోలు పారేయకుండా దాచింది నేనేనని ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాను.

మా అర్జీ మీద నోటీసందుకుని ఓనరుగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. ఫొటో చూశాక "పిల్లలు పొరపాటు పడ్డారండి" అన్నారు. ఏ పిల్లలో! విరిగిన సింకు కుళాయికి పదిహేను వందలు మేమే వదులుకున్నాం, మిగతా ఇరవై ఎనిమిదిన్నర వేలు ఇస్తానని సంతకం పెట్టారు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, అప్పీలుండదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అవతలివాళ్లు రాకపోయినా, ఒప్పుకోకపోయినా అక్కడ బలవంతం చెయ్యరు, మామూలు కోర్టుకే వెళ్లాలి. మాకు ఫొటో ఉంది కాబట్టి ఆయన దిగొచ్చారు. అడ్వాన్సు చేతికివ్వకుండా ఫోన్‌పేలో పంపడం కూడా కలిసొచ్చింది, లేకపోతే ఇరవయ్యే ఇచ్చారనేవారు. మా అత్తగారికి మాత్రం క్షమాపణ చెప్పలేదు. అది అర్జీలో రాయడానికి గడి లేదు.

ఆ వాటాకి మళ్లీ టు-లెట్ బోర్డు వేలాడుతోంది, పన్నెండు వేలట. వంటింటి గోడకి కొత్తగా పుట్టీ పెట్టించారు. చూడ్డానికెళ్లేవాళ్లు స్టవ్ గట్టు కింద ఓసారి గోటితో గీకి చూసుకోండి.