నీడ వెతుక్కుంటూ విజయనగరం

నేను ఆర్కిటెక్ట్‌ని, ఉండేది విశాఖపట్నంలో. "విజయనగరం వెళ్తున్నాం, ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఏం కొనాలి" అని స్నేహితులెవరైనా అడిగితే ఇన్నాళ్లూ ఫోన్‌లోనే చెప్పేదాన్ని. మొన్న మే నెలలో మూడు రోజులు మళ్లీ తిరిగొచ్చాక అన్నీ ఒకచోట రాసిపెడదామనిపించింది. ఏ ఊరు వెళ్లినా నేను మొదట చూసేది అక్కడ నీడ ఎక్కడుందని. గోడ ఎంత మందం, చూరు ఎంత కిందికి దిగింది, మధ్యాహ్నం రెండింటికి మనుషులు ఎక్కడ కూర్చుంటున్నారు, ఈ మూడూ చూస్తే ఆ ఊరివాళ్లకి ఇల్లు కట్టుకోవడం వచ్చో రాదో తెలిసిపోతుంది. విజయనగరం వాళ్లకి బాగా వచ్చు. కొత్తగా లేస్తున్న అద్దాల బిల్డింగులు చూస్తే మాత్రం మర్చిపోతున్నారేమోనని బెంగగా ఉంది.

మొదటి రాత్రి ఫొటోలు చూసి బుక్ చేసిన ఒక లాడ్జిలో దిగాను. పడమటి గోడంతా అద్దమే, కిటికీ ఒక్కటి కూడా తెరుచుకోదు. పదకొండింటికి కరెంటు పోయింది. గోడ మీద చెయ్యి వేస్తే, రోజంతా తాగిన ఎండని అప్పుడు కక్కుతోంది. తెల్లారేదాకా కారిడార్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మీరు లాడ్జి తీసుకుంటే ఏసీ ఉందా అని అడిగే ముందు కిటికీ తెరుచుకుంటుందా, గది తూర్పు వైపా పడమర వైపా అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకి సరైన జవాబు వచ్చిన గది తక్కువ అద్దెదైనా పర్వాలేదు, కళ్లు మూసుకుని తీసుకోండి.

మర్నాడు పొద్దున్నే సామాను సర్దుకుని, నాతో చదువుకున్న స్నేహితుడి మేనత్తగారింటికి వెళ్లిపోయాను. కోటకి దగ్గర్లో పాత మండువా లోగిలి, అంటే నడిమధ్యన పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే ఇల్లు. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. "లాడ్జీ ఎందుకమ్మా, ఇంత ఇల్లు ఖాళీగా పడుంటే" అని గుమ్మంలోనే కేకలేశారు. నేను బ్యాగ్ దింపి ముందు టేపు తీశాను. వీధి గోడ మందం 22 అంగుళాలు, ఇటుక, సున్నం. వీధి తలుపు, మండువా, పెరటి తలుపు ఒకే వరసలో ఉన్నాయి, అరుగు మీద కూర్చుంటే పెరట్లో నూతిగట్టు కనబడుతుంది. మండువాకి నాలుగు వైపులా పెంకుల చూరు కిందికి దిగి ఉంది, నేను చెయ్యెత్తితే అందేంత. పైనుంచి పడే ఎండ గచ్చు మీద నలుచదరంగా పడుతుంది తప్ప గదుల్లోకి రాదు. పది గంటలకి ఆ చదరం పడమటి స్తంభం మొదట్లో ఉంది, మధ్యాహ్నానికి మండువా నడిమికి వచ్చింది, నాలుగింటికి తూర్పు గోడెక్కింది. ఆ ఇంట్లో టైము చూసుకోవడానికి గడియారం అక్కర్లేదు. మండువా మీదుగా వేడిగాలి పైకి పోతుంటే వీధివైపు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంటుంది, అగరొత్తి వెలిగించి చూపిస్తే అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు, ఆవిడ అరవై ఏళ్లుగా సరిగ్గా ఆ గాలి దారిలోనే మంచం వేసుకుంటున్నారు మరి.

ఆ మధ్యాహ్నం భోజనం గురించి చెప్పాలి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ బెల్లం పులుసు, చివర్న మెంతి మజ్జిగ. ఉత్తరాంధ్రలో కూరకి బెల్లం తగలాల్సిందే. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు మొదటి ముద్దకి మొహం అదోలా పెడతారు గానీ పనసపొట్టు ఘాటుకి, ఆవకి పక్కన ఆ తియ్యటి పులుసు లేకపోతే కుదరదు. నాకు ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఇష్టమైన భోజనం ఇదే. పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్తే ఎవరో ఒకరు పిలుస్తారు, మొహమాటపడకుండా వెళ్లండి. బయటే తినాల్సి వస్తే పొద్దున పూట చిన్న టిఫిన్ కొట్లు చూసుకోండి, పూరీలోకి బొంబాయి చట్నీ వేసేవి. బోర్డు కాకుండా బయట నిలబడ్డవాళ్ల సంఖ్య చూసి ఎంచుకుంటాను నేను. ఇప్పటిదాకా తప్పలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక కోటకి వెళ్లాను. 1713లో విజయ నామ సంవత్సరం, విజయదశమి, పైగా మంగళవారం, అంటే జయవారం నాడు శంకుస్థాపన చేశారని చెప్పుకుంటారు. తూర్పు వాకిలిని నగారాఖానా అంటారు, పైన నగారాలు మోగించేవాళ్లు. దాని కింద నుంచి నడుస్తుంటే ఎండ ఒక్కసారిగా తెగిపోయి, పది అడుగులు చల్లటి చీకటి, మళ్లీ వెలుగు. ఆ పది అడుగుల కోసం నేను రెండుసార్లు బయటికి వెళ్లి లోపలికి వచ్చాను. లోపల ఒకప్పటి దర్బారు మోతీమహల్ ఉండేది, 1869లో కట్టింది. విజయనగరం రాజులు పూసపాటివారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి ఇచ్చేశారు కాబట్టి ఇప్పుడక్కడ పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటారు. పాత కట్టడానికి తాళం వేసి టికెట్టు పెట్టడం కంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. మనుషులు మసిలే గోడకి పగులొస్తే మర్నాటికే తెలుస్తుంది. తాళం వేసిన గోడ కూలేదాకా తెలీదు.

కోట నుంచి గంటస్తంభం దాకా నడిచే వెళ్లండి, ఆటో ఎక్కొద్దు. 1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం, 68 అడుగులు. చుట్టూ బజారు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి. అక్కడి పాత లాంతర్ల స్తంభాన్ని 2020లో తీసేశారు. ఊరంతా "మూడు లాంతర్ల దగ్గర కలుద్దాం" అనుకునే గుర్తు అది. ఒక స్తంభం పోతే ఏం పోతుందిలే అనుకునేవాళ్లకి నేనేం చెప్పలేను గానీ, నాకైతే అటు వెళ్లినప్పుడల్లా గుండెలో కలుక్కుమంటుంది. గురజాడ వారి ఇల్లు కూడా ఊళ్లోనే ఉంది, అరగంట కేటాయించండి.

రెండో రోజు పొద్దున్న పాసింజర్ పట్టుకుని బొబ్బిలి. మా ఆఫీసులో జూనియర్ అమ్మాయి, సొంతూరు ఆమదాలవలస, అక్కడ నాతో కలిసింది. స్టేషన్ బయట ఒకావిడ కుండలో చోడి (రాగి) అంబలి అమ్ముతోంది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవడానికి. "రెండు గ్లాసులు తాగు అక్కా, మధ్యాహ్నం దాకా ఎండ నీ జోలికి రాదు" అంది మా అమ్మాయి. నిజంగానే రాలేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారి కుటుంబాల ఇళ్లున్నాయి. చావడిలో నేల మీద కూర్చుని, కాలి వేళ్లతో దుంగని అదిమిపట్టి, ఉలితో వీణ కుండ, అంటే గుండ్రటి భాగం, లోపల తొలుస్తున్నారు ఒక పెద్దాయన. కుండ, పొడుగాటి దండి, చివర సింహంలాంటి యాళి తల మూడూ ఒకే పనస దుంగ నుంచి తీస్తే అది ఏకాండి వీణ, ఎక్కడా అతుకుండదు. చెక్కు లేస్తున్నప్పుడు లోపలి చెక్క పసుపు ముద్దలా ఉంది, పక్కన ఏళ్ల క్రితం చేసిన వీణ ముదురు గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది. నిన్న విస్తట్లో కూరగా తిన్న చెట్టే ఇది కదా అనుకుంటే అదోలా అనిపించింది. నేను కుండ అంచు మీద వేలితో తట్టి చూస్తుంటే ఆయన పని ఆపి, "మందం ఎక్కువైతే పలకదు, తక్కువైతే నిలవదు, అంతేనమ్మా" అన్నారు. నేను కాలేజీలో శ్లాబు గురించి ఏడాది పాటు నేర్చుకున్నది అదే. అక్కడ షోకేసులో పెట్టుకునే బుల్లి వీణలు కూడా దొరుకుతాయి. వాయించేవాళ్లు ఇంట్లో లేకపోతే అవే తీసుకోండి, బేరం మాత్రం ఆడకండి.

మధ్యాహ్నం కారు మాట్లాడుకుని పూసపాటిరేగ వైపు తీరానికి దిగాం, చుట్టిళ్ల కోసం. మట్టి గోడ గుండ్రంగా, పైన తాటాకు కప్పు, చూరు ఎంత కిందికంటే వంగితేగానీ లోపలికి వెళ్లలేం. తుఫాను గాలికి గుండ్రటి గోడ మీద ఎదురుదెబ్బ కొట్టడానికి మూల దొరకదు, రెండు పక్కల నుంచి జారిపోతుంది. చూరు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కప్పు కింద దూరి పైకి లేపే వీలూ తక్కువ. ఊళ్లో మిగిలింది రెండే. ఒకదాంట్లో మామ్మగారు అటక చూపించారు, దూలాల మీద కర్రలు పరిచి మట్టి మెత్తింది. "పైన ఆకంటుకున్నా కిందకి నిప్పు రాదు, గింజలూ మనుషులూ దక్కుతారు" అన్నారు. అంతసేపూ నేను గోడని, కప్పుని చూస్తూనే ఉండటంతో ఆవిడకి అనుమానమొచ్చింది. "ఏటమ్మా అలా సూత్తన్నావు, పడిపోద్దని బయవేటి?" అని మా ఇద్దరికీ ముంజలు తీసిచ్చారు. పక్కనే కొడుకు కట్టుకున్న శ్లాబిల్లు ఉంది. మధ్యాహ్నం అందరూ చుట్టింట్లోనే పడుకుంటారట. నా వృత్తిలో నేను చూసిన అన్ని పెద్ద బిల్డింగుల కంటే ఆ ఇల్లు నాకు ఎక్కువ నేర్పింది. అది కూలిపోకముందే కొలతలన్నీ గీసుకోవాలని ఆ రాత్రి అరుగు మీద కూర్చుని స్కెచ్ మొదలుపెట్టాను.

మూడో రోజంతా కొనడానికే. పొందూరు శ్రీకాకుళం జిల్లాలోది, విజయనగరం నుంచి రైల్లోనే వెళ్లొచ్చు. సన్న ఖాదీ. గాంధీగారు ముచ్చటపడి, దీని సంగతి కనుక్కురమ్మని కొడుకు దేవదాస్‌ని పంపిన ఊరు. పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని అందరూ చెబుతారు గానీ ఆ దవడ చేతిలో పట్టుకుంటే గానీ అర్థం కాదు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది, లోపలివైపు కంటికి ఆనీ ఆననట్టున్న పళ్లు, వేలితో రాస్తే పిల్లి నాలుకలా గరగరలాడుతుంది. అక్కడ పత్తి ఏకుతున్న ఒకావిడ చిటికెడు పత్తి గింజతో సహా పట్టుకుని దవడతో దువ్వింది, నాలుగైదు దువ్వులకి చెత్తా నలకా అన్నీ దవడకి తగులుకుని పోగులన్నీ ఒక దారికి వచ్చాయి. ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో చుట్టి పెడతారు, నలగకుండా. తర్వాత గాంధీ చరఖా మీద వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నటిది. పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, పడుచుపిల్లలు మాత్రం కనబడలేదు. ధర చూసి వెనక్కి తగ్గొద్దు. ఒక గజం వెనక ఎన్ని చేతులున్నాయో కళ్లారా చూసొచ్చాక నాకు అది చవకే అనిపించింది. చీర కొనలేదు. నా డ్రాయింగ్ టేబుల్ పక్కన పడమటి కిటికీకి తెల్ల గుడ్డ ఆరు మీటర్లు కొన్నాను.

తిరిగొచ్చేటప్పుడు భీమాలి ఊరి మామిడి తాండ్ర రెండు కిలోలు. గుజ్జుని చాపల మీద పోసి ఒక పొర ఎండాక ఇంకో పొర, అలా రోజుల తరబడి ఎండబెట్టేది. మూడు రోజులు ఎండని తిట్టుకుంటూ తిరిగినదాన్ని, దానివల్ల జరిగే మంచిపని ఇదొకటుందని ఒప్పుకుంటున్నాను. ముక్క కోస్తే పొరలు విడివిడిగా కనబడాలి, అది చూసి కొనండి.

ఇప్పుడు ఆ ఖాదీ గుడ్డ మా ఆఫీసు కిటికీకి ఉంది. నాలుగింటి ఎండ దానిలోంచి వడకట్టినట్టు దిగుతోంది, గాలి ఆగడం లేదు. నిన్న అత్తయ్యగారు ఫోన్ చేశారు. "ఎండలో వచ్చి ఏం చూశావమ్మా, వానాకాలం రా. నాలుగు చూర్ల నుంచీ నీళ్లు మండువాలోకి ఒక్కసారే దిగుతాయి, అరుగు మీదకి వీధి వీధంతా వచ్చి కూర్చుంటారు" అన్నారు. ఆగస్టులో నాలుగు రోజులు సెలవు పెట్టాను, టేపు, స్కెచ్ బుక్కు, గొడుగు.