ఎనభై ఏళ్ల వయసులో

పోయిన వారం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారిణి ఆల్మా థామస్ వేసిన 'ది ఎక్లిప్స్' అనే పెయింటింగ్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ముదురు నీలం వృత్తం, అదీ సరిగ్గా మధ్యలో కాదు, కాస్త పక్కకి, దాని చుట్టూ చిన్న చిన్న రంగు ముక్కలు వలయాలుగా. దగ్గరికెళ్తే ముక్కల మధ్య తెల్లటి సందులు కనిపిస్తాయి, దూరం జరిగితే మొత్తం వెలుగుతుంది.

1924లో హోవార్డ్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ తీసుకుని, అదే ఊళ్లో షా జూనియర్ హైస్కూల్లో 35 ఏళ్లు పిల్లలకి బొమ్మలు నేర్పారావిడ. 1960లో రిటైరయ్యాకే పూర్తిగా తన పెయింటింగ్ మీద కూర్చున్నారు. కీళ్ల నొప్పులతోనే, ఇంటి కిటికీలోంచి కనిపించే హాలీ చెట్టు ఆకుల మధ్య వెలుగుని చూస్తూ వేసిన రంగులవి. 1972లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో సోలో ఎగ్జిబిషన్. అక్కడ ఆ అవకాశం వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే, అప్పటికి వయసు ఎనభై!

మా అమ్మ కూడా డ్రాయింగ్ టీచరే. రిటైరై ఆరేళ్లయింది, బ్రష్‌లు ఇంకా అటక మీదే ఉన్నాయి. రాత్రి వీడియో కాల్‌లో ఈ ఫోటో చూపిస్తే "ఆ పసుపు ఎలా కలిపిందే ఆవిడ?" అని మూడుసార్లు అడిగింది.