సిగరెట్ మానేశాక చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది

కడప వై.వి. స్ట్రీట్‌లో ఒక కళ్ళద్దాల షాపులో పని చేస్తాను. ఫ్రేమ్ ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, చెవి వెనక నొక్కుతోందా అని చూడాలంటే మనిషి ముఖానికి జానెడు దూరంలో నిలబడాలి. పోయిన వేసవిలో ఒక పాపకు మొదటిసారి అద్దాలు పెడుతుంటే ముఖం పక్కకు తిప్పేసుకుంది. "బాగా కనపడలేదా అమ్మా?" అన్నాను. వాళ్ళమ్మ ఏమీ అనలేదు కానీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

పన్నెండేళ్ళుగా రోజుకు పది సిగరెట్లు. వాసన వస్తుందని తెలుసు. అందుకే జేబులో యాలకులు, డ్రాలో మౌత్‌వాష్. అరగంట గడిస్తే మళ్ళీ అదే వాసన.

ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్ళాను. చిన్న వయసు డాక్టరమ్మ, మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్లను చిగురుకు పంటికి మధ్య దించుతూ, పక్కనున్న అమ్మాయికి అంకెలు చెప్పింది. మూడు, ఐదు, ఆరు, ఐదు. ఆ సందు లోతు మూడు మిల్లీమీటర్ల దాకా పర్వాలేదట. "బ్రష్ చేస్తే నాకు ఒక్క చుక్క రక్తం కూడా రాదు మేడం, చిగుళ్ళు గట్టివే" అన్నాను.

"అదే మోసం అన్నా. జబ్బు చేసిన చిగురు రక్తం కారి మనకు చెప్పాల. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, అందుకే నీ చిగురు చెప్పలేకపోతాంది."

గాలి ఆడని ఆ సందుల్లో చేరిన సూక్ష్మజీవులు గంధకపు వాయువులు వదులుతాయట. పొగ వాసన, నోరు ఎండిపోవడం దానికి తోడు. నా యాలకులు అంత లోపలికి ఎలా చేరతాయి?

నాలుక కింద, బుగ్గల లోపల కూడా చూసింది. తెల్ల మచ్చలేమీ లేవంది. రెండు వారాలైనా మానని పుండు ఎప్పుడు కనిపించినా ఆలస్యం చేయకుండా రమ్మంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నాకూ ఆ భయం ఉండేది. గార పోయాక పళ్ళ మధ్య సందులు బయటపడ్డాయి, అంతే. అవి గార కప్పేసిన సందులే. చిగుళ్ళ లోతున శుభ్రం చేయడానికి ఇంకో రెండుసార్లు మత్తు ఇంజెక్షన్‌తో కూర్చున్నాను.

సిగరెట్ మానడం దానికంటే కష్టం. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్‌కు ఫోన్ చేస్తే, మానడానికి ఒక తేదీ పెట్టుకోమన్నారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ తెచ్చుకుని మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలాను. ఎక్కిళ్ళు, కడుపులో తిప్పడం. దాన్ని మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టుకోవాలట. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి.

పదో రోజు పొద్దున బ్రష్ చేస్తుంటే సింకు ఎర్రబడింది. మానినందుకే ఇలా అయిందని టెన్షన్ పట్టుకుంది. నేరుగా బంకుకు పోయి ఒక సిగరెట్ కొన్నాను. వెలిగించలేదు, చేతిలో పట్టుకునే ఆస్పత్రికి పోయాను. "రక్తం మళ్ళా ఆడుతోందన్నా. చిగురు ఇంకా మానలేదు కాబట్టి కారతాంది. బ్రష్ ఆపొద్దు" అంది డాక్టరమ్మ. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే బంకు దాకా పోయేవాణ్ణి కాదు. కొత్తగా మానిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆ రక్తం చూసి వెనక్కి పోవద్దు. డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.

రెండు మూడు వారాలకు రక్తం తగ్గింది. మూడు నెలలకు మళ్ళీ కొలిస్తే ఆరు ఉన్నచోట నాలుగు వచ్చింది. ఇప్పుడు రోజూ నాలుక గీసుకుంటాను, పళ్ళ సందుల్లో చిన్న బ్రష్ వాడుతాను. కింది వరసలో ముందు పన్ను ఒకటి ఇంకా కదులుతోంది. కరిగిన ఎముక తిరిగి రాదన్నారు. ఆ పన్ను ఎన్నాళ్ళుంటుందో చూడటానికి మూడు నెలలకోసారి పోతున్నాను.