జనరల్ గ్రేడ్ పరీక్ష: నాకు ట్రాన్స్‌ఫార్మర్ పాఠం ఒంటబట్టిన విధం

ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ రేడియో స్టేషన్ నడిపేందుకు కావలసిన సర్టిఫికెట్) జనరల్ గ్రేడ్‌కు చదువుతున్న మిత్రులారా, మోర్స్ గురించి పెద్దగా చెప్పను. నిమిషానికి 8 పదాలు. రోజూ అరగంట వింటే చెవికి అలవాటవుతుంది. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ట్రాన్స్‌ఫార్మర్ల పాఠం. ఎడ్డీ కరెంట్లు (కోరు లోహంలోనే సుడులుగా తిరిగే కరెంట్లు) తగ్గడానికి పలుచని రేకులు, హిస్టెరిసిస్ నష్టం (కోరు అయస్కాంతత్వం అటూ ఇటూ మారేటప్పుడు వేడిగా పోయే శక్తి) తగ్గడానికి సిలికాన్ స్టీలు అని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాడిని. ఎందుకలా అంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

మాకు చెప్పే మాస్టారు లైసెన్సున్న హ్యాం, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్. 2200 మీటర్ల బ్యాండులో, అంటే 137 కిలోహెర్ట్జ్ దగ్గర, ప్రయోగాలు చేస్తుంటారు. అక్కడ 100 వాట్లు పంపినా యాంటెన్నా నష్టాలు పోను గాలిలోకి వెళ్లేది ఒక వాటు కూడా ఉండదు, అదో పిచ్చి. ఆ ట్రాన్స్‌మిటర్‌కు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే పని నాకిచ్చారు. 2.4 అంగుళాల 43 రకం ఫెరైట్ (పింగాణీ వంటి అయస్కాంత పదార్థం) రింగు తీసుకుని 8 చుట్లు చుట్టాను. ఎనిమిదే ఎందుకంటే, ఎవరో షార్ట్‌వేవ్ బాలన్‌కు (యాంటెన్నాకూ కేబుల్‌కూ మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్‌కు) అన్నే చుట్టారు కాబట్టి! డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్) మీద రెండు నిమిషాలు నడిచేసరికి రింగు ముట్టుకోలేనంతగా కాలిపోతోంది. “లెక్క వేశావా?” అన్నారు మాస్టారు. వేయలేదు.

ఆ సాయంత్రం వేశాను. 50 ఓమ్‌ల లోడ్ వైపు వైండింగ్ రియాక్టెన్స్ (ఏసీ కరెంటును అది అడ్డుకునే కొలత) ఆ లోడ్‌కు కనీసం అయిదు రెట్లు, అంటే 250 ఓమ్‌లు ఉండాలని ఒక మోటు సూత్రం. 137 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి 290 మైక్రోహెన్రీలు కావాలి. నా 8 చుట్లకు వచ్చింది 70, అంటే 60 ఓమ్‌లే! లోడ్‌తో సమానంగా వైండింగ్ కూడా కరెంటు లాగేస్తోంది. 43 రకం పర్మియబిలిటీ (అయస్కాంత ఫ్లక్స్‌ను తనలోకి తీసుకునే గుణం) 800. దానితో 17 చుట్లు పడతాయి. అదే సైజులో 77 రకానికి పర్మియబిలిటీ 2000, కాబట్టి 11 చుట్లు చాలు.

తరువాత మనందరికీ తెలిసిన సూత్రం: వోల్టేజి = 4.44 × ఫ్రీక్వెన్సీ × చుట్లు × కోరు వైశాల్యం × ఫ్లక్స్ సాంద్రత. 100 వాట్లు, 50 ఓమ్‌లు అంటే 70.7 వోల్టులు. వైశాల్యం 1.57 చదరపు సెంటీమీటర్లు. 11 చుట్లకు ఫ్లక్స్ సాంద్రత 0.067 టెస్లా. ఫెరైట్ అర టెస్లా లోపే సంతృప్తమవుతుంది, అంటే అంతకుమించి ఫ్లక్స్ పట్టదు; మనది దానికి చాలా తక్కువ కాబట్టి బెంగ లేదు. సరదాకు అదే లెక్కలో 50 హెర్ట్జ్ పెట్టి చూశాను. 184 టెస్లాలు! ఏ కోరూ అంత పట్టదు; ఫ్రీక్వెన్సీ తగ్గితే చుట్లూ కోరు వైశాల్యమూ పెంచాల్సిందే. కరెంటు స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ అంత లావు ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది.

43 వేడెక్కడానికి చుట్లు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. అది నికెల్-జింక్ ఫెరైట్, షార్ట్‌వేవ్‌కు అనువైనది. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఫ్లక్స్ పెరిగితే హిస్టెరిసిస్ నష్టం దానిలో ఎక్కువ. 77 మాంగనీస్-జింక్, పవర్ పనికోసం చేసినదే. ఎన్87, 3సి90 అనే ఫెరైట్ రకాలు కూడా ఆ జాతివే. పేరు లేని కోరు దొరికితే పూత లేని చోట మల్టీమీటర్ పెట్టండి: ఓమ్‌ల విలువ ఏదైనా చూపితే మాంగనీస్-జింక్ అయ్యే అవకాశం ఎక్కువ, అసలేమీ చూపకపోతే నికెల్-జింక్. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లై డబ్బాలో) ఒక వైపు తెల్లగా ఉండే పసుపు రింగు మాత్రం వద్దు. అది ఫెరైట్ కాదు, ఇనుప పొడి. ఈ పనిలో మరుగుతుంది.

ఇక పరీక్ష. పేపర్లో 77 సంఖ్య ఎవరూ అడగరు. రేడియో ఫ్రీక్వెన్సీకి ఇనుప రేకుల కోరు ఎందుకు పనికిరాదని నా పేపర్లో అడిగారు. ఎడ్డీ నష్టం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుందని, ఫెరైట్ పింగాణీ వంటిది కాబట్టి దాని నిరోధం లోహం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని రాసి, పైన నా లెక్క ఒకటి జోడించాను. పాఠాన్ని ఈసారి అప్పజెప్పలేదు.

ఆ కాలిన 43 రింగు పగలలేదు. ఇప్పుడు మాస్టారి 7 మెగాహెర్ట్జ్ బాలన్‌లో హాయిగా, చల్లగా ఉంది.