కింద ఎవరుంటారు?

2024 అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం మా పోస్టుడబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం కనిపించింది. ఆదివారం పోస్టు రాదు, పైన స్టాంపు కూడా లేదు. అంటే బిల్డింగులోవాళ్లే ఎవరో వేశారు.

మెట్ల మీదే నిలబడి, ఫోనులో అనువాదం పెట్టుకుని చదివాను. "మీ అబ్బాయి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు గదుల్లో పరిగెడుతున్నాడు. ఇంటి నియమాల ప్రకారం అది విశ్రాంతి వేళ. దయచేసి గమనించండి." చివర స్నేహపూర్వక నమస్కారాలు, సంతకం. మా కింద ఫ్లాటులో ఉండే పెద్దావిడ రాసింది.

ఫోను 'పరిగెడుతున్నాడు' అని చూపించింది గానీ ఆవిడ వాడిన మాట 'ట్రాంపెల్న్'. మర్నాడు ఆఫీసులో అడిగాను. దబదబా బరువుగా అడుగులు వేయడం అని చెప్పారు. మావాడికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. బరువు పదమూడు కిలోలు. ఆ రాత్రి వాడు నిద్రపోయాక వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అప్పుడు మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊరు. 2019లో వచ్చినప్పుడు మేమిద్దరమే. కూకట్‌పల్లి హారన్ల మధ్య నుంచి వచ్చినవాళ్లం కదా, ఆ నిశ్శబ్దం మాకు వరంలా అనిపించింది. రాత్రి కిటికీ తీస్తే దూరంగా చర్చి గంట, అంతే. మెట్లు తుడిచే వంతు కూడా సంతోషంగా చేశాను. ఆ వైపు దాన్ని కేర్‌వోఖే అంటారు. మీ వారం వస్తే మీ తలుపుకి ఒక బోర్డు తగిలిస్తారు. పిల్లాడు పుట్టాక అదే ఊరు వేరుగా కనిపించడం మొదలైంది. ఆదివారం కొట్లన్నీ మూతే. పార్కుకి తీసుకెళ్తే మేమే. ఉయ్యాల ఊపుతూ వాడితో గట్టిగా మాట్లాడాలన్నా నాకు మొహమాటం. మూడేళ్ల పిల్లాడు గుసగుసగా మాట్లాడటం నేర్చుకున్నాడు. బయటికెళ్లగానే వాడంతట వాడే గొంతు తగ్గించేవాడు. ఆ ఉత్తరం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అది.

ఉత్తరం గురించే చాలా రోజులు ఆలోచించాను. మన దగ్గర ఎవరూ ఇలా రాయరు. రాజమండ్రిలో మా కింది వాటా పిన్నిగారికి మా తమ్ముడి గోలతో ఇబ్బందైతే, కూరగిన్నె తిరిగివ్వడానికి పైకి వచ్చి, "మీవాడు భలే చురుకండీ, క్షణం కుదురుగా ఉండడు" అనేవారు. అమ్మకి అర్థమైపోయేది. మర్నాడు వాణ్ణి మధ్యాహ్నం పడుకోబెట్టేది. ఫిర్యాదు చేసినట్టూ ఉండదు, చేయనట్టూ ఉండదు. అదే మాట కాగితం మీద పెట్టి సంతకం చేశారంటే మన లెక్కలో సంబంధం తెగిపోయినట్టే. ఇల్లు ఖాళీ చేయమని చెప్పినట్టే. నేను ఆ ఉత్తరాన్ని సరిగ్గా అలాగే చదివాను.

అమ్మకి ఫోను చేసి చెబితే, "పసివాడు పరిగెత్తక ఇంకేం చేస్తాడే? పిల్లల సందడి లేకపోతే అది ఇల్లా?" అంది. ఆ మాట పట్టుకుంది నన్ను. సందడి. మనకి గోల ఉంది, రొద ఉంది, అల్లరి ఉంది. ఇవన్నీ ఎంతోకొంత విసుగుతో అనే మాటలు. సందడి మాత్రం అలా కాదు. పెళ్లింట్లో ఉండాల్సింది అదే, పండక్కి రావాల్సింది అదే. చప్పుడే, కానీ కోరుకునే చప్పుడు. దానికి జర్మన్లో ఏమంటారని మా టీమ్‌లో ఒకామెను అడిగాను. లెర్మ్ అంటే రొద. లెబెన్ అంటే జీవితం. రెండింటి మధ్యలో ఉండే మాట కోసం ఆమె కూడా కాసేపు వెతికింది, దొరకలేదు.

ఆమే నాకు ఒక చట్టం గురించి చెప్పింది. ఇక్కడ నివాస ప్రాంతాల్లో ఉండే కిటాల మీద, అంటే పిల్లల డేకేర్ల మీద, చప్పుడు భరించలేమని ఇరుగుపొరుగువాళ్లు కోర్టుకి వెళ్లిన కేసులున్నాయట. దాంతో 2010లో ముందు బెర్లిన్, 2011లో దేశం మొత్తం చట్టం మార్చుకున్నాయి. కిటాల నుంచీ ఆటస్థలాల నుంచీ వచ్చే పిల్లల చప్పుడుని మామూలుగా హానికరమైన కాలుష్యంగా లెక్కించకూడదని రాసుకున్నారు. ఆమె దాన్ని గర్వంగా చెప్పింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లల నవ్వు కాలుష్యం కాదని ఒక చట్టం పుట్టాల్సి వచ్చిందా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె గర్వం కూడా అర్థమవుతోంది. ఎవరో పిల్లల పక్షాన నిలబడి గెలిచారు కదా. అయితే మా ఫ్లాటులో మధ్యాహ్నం పరుగులకి ఆ చట్టం పెద్దగా పనికిరాదు, అక్కడ నడిచేది ఇంటి నియమాలే.

ఈ దేశానికి పిల్లలంటే ప్రేమ లేదని అనను. అంటే కళ్లు పోతాయి. మావాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నా మేనేజర్ "లాప్‌టాప్ మూసెయ్, వాడి దగ్గరకి వెళ్లు" అన్నారు తప్ప ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. పిల్లాడికి ఒంట్లో బాగోకపోతే ఏడాదికి తల్లికి 15 రోజులు, తండ్రికి 15 రోజులు సెలవు ఇక్కడి హక్కు. నెలనెలా పిల్లాడి పేరు మీద ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2025లో 255 యూరోలు. హైదరాబాదులో మా అక్క పిల్లాడికి జ్వరమొస్తే ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి తడిగుడ్డ వేసేది. అక్క దగ్గర అత్తగారుంది, పక్కింటి ఆంటీ ఉంది. నాకు హక్కులున్నాయి, మనుషుల్లేరు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు ఎటూ సరిపోలేదు.

మా ఆయన కంపెనీకి మ్యూనిక్‌లోనూ బెర్లిన్‌లోనూ ఆఫీసులున్నాయి. నా టెస్టింగ్ పని చాలావరకు ఇంటి నుంచే. "ఊరు మారదాం, సందడి ఉన్నచోటికి పోదాం" అని ఆ చలికాలం అనుకున్నాం. నివాసయోగ్యమైన నగరాల జాబితాలు మొదట్లో చూశాను గానీ వదిలేశాను. నాకు కావలసింది వాటిలో ఉండదు. దానికి బదులు ఒక పని పెట్టుకున్నాను. ఏ ఊరు చూడటానికి వెళ్లినా ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆటస్థలం దగ్గర గంటసేపు కూర్చోవడం. పిల్లలు ఎంతమంది, బల్లల మీద తాతలు, మామ్మలు ఉన్నారా, ఒకళ్ల పిల్లాడు పడితే వేరేవాళ్లు లేపుతున్నారా అని చూడటం. పిల్లలతో ఊరు మారాలనుకునేవాళ్లు ఎవరైనా సరే ఈ పని చేయండి. అద్దె, కిటా సీటు, డాక్టరు ఎలాగూ చూసుకుంటారు, ఇది మాత్రం వెళ్లి కూర్చుంటేనే తెలుస్తుంది.

మ్యూనిక్ నాకు నచ్చింది. ఇంగ్లీషు గార్డెన్‌లో వాగు ఒడ్డున పిల్లలు, కుక్కలు, పెద్దలు అందరూ ఉన్నారు. కానీ అద్దెల్లో దేశంలోకెల్లా అదే ముందుంటుంది. రెండు గదుల ఇంటికి వాళ్లు చెప్పిన అద్దె విని మా ఆయన మాట్లాడకుండా బయటికి వచ్చేశారు.

ఫ్రైబుర్గ్‌లో వోబాన్ అనే పేట ఉంది. దాని గురించి చెప్పకుండా ఉండలేను. 1992 వరకు ఫ్రెంచి సైన్యం బ్యారక్‌లు ఉన్న స్థలం అది. తర్వాత అక్కడ చేరినవాళ్లు ఇళ్ల ముందు కార్లు వద్దనుకున్నారు. కారున్నవాళ్లు పేట అంచున ఉన్న పార్కింగ్ భవనంలో చోటు కొనుక్కుని అక్కడ పెట్టుకోవాలి. 2006 నుంచి ట్రామ్ వస్తోంది. దాంతో వీధి పిల్లలది అయిపోయింది. ఫిబ్రవరి చలిలో కూడా రోడ్డు మధ్యన సుద్దముక్కలతో గీతలు గీసుకుంటున్నారు. తొక్కుడుబిళ్ల! మా వీధిలో గీసుకున్నట్టే, నడిరోడ్డు మీద. మావాడు నా చెయ్యి వదిలించుకుని వాళ్లలోకి పరిగెత్తాడు. వెనక నుంచి ఎవరూ 'ష్' అనలేదు. మా రాజమండ్రి వీధి ఇప్పుడు ఇలా లేదన్నది కూడా అప్పుడే గుర్తొచ్చింది. అక్కడ ఇప్పుడు బళ్లు, కార్లు, పార్కింగ్ తగువులు. పిల్లలు మేడ మీదే ఆడుకుంటున్నారు. నేను వెతుక్కుంటున్న వీధి మా ఊళ్లో కూడా మిగల్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. మా వీధిలో కనీసం పేరుపెట్టి పిలిచేవాళ్లుంటారు అనుకున్నాను.

వోబాన్‌లో ఇల్లు దొరకడం కష్టం, మా ఆయనకి అక్కడ ఆఫీసు లేదు. ఆ ఆశ అక్కడితో ఆగిపోయింది.

బెర్లిన్ అంటే నాకు భయమే ఉండేది. మురికి అన్నారు, అక్కడ ఏ పనీ టైముకి కాదన్నారు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్లాం. అది పాత విమానాశ్రయం. 2008లో మూసేసి, 2010లో జనానికి తెరిచారు. ఇళ్లు కట్టాలన్న ప్రభుత్వ ఆలోచనను 2014లో నగరవాసులు ఓటు వేసి కాదన్నారు. ఇళ్ల కోసం ఇంత కరువున్న ఊళ్లో అంత స్థలాన్ని ఖాళీగా ఉంచుకోవడం తప్పో ఒప్పో నాకు చెప్పే అర్హత లేదు. కానీ రన్‌వే మీద అడుగుపెట్టగానే మావాడు నా వైపు తిరిగి చూశాడు, పరిగెత్తనా అన్నట్టు. ఊఁ అన్నాను. పరిగెత్తాడు. రెండు కిలోమీటర్ల తారు. ఎంతసేపు పరిగెత్తినా అవతలి చివర రావడం లేదు. పైన ఎటు చూసినా గాలిపటాలు, సంక్రాంతి వేళ హైదరాబాదు ఆకాశంలాగే.

గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని టర్కీ కుటుంబాలు కూర్చున్నాయి. ఒక దుప్పటి మీద పదిహేనుమంది ఉంటారు. మావాడు వాళ్లు టీ కాచుకునే సమోవర్ దగ్గర ఆగి చూస్తుంటే, తలకి గుడ్డ కట్టుకున్న ఒక మామ్మగారు వాణ్ణి దగ్గరికి లాక్కుని, బుగ్గ పుణికి, ఉప్పు అద్దిన కీరదోసకాయ ముక్క నోట్లో పెట్టేశారు. నన్ను అడగలేదు. అలర్జీ ఉందా, తింటాడా, తాకవచ్చా, ఏమీ అడగలేదు. ఇన్నేళ్లుగా నా బిడ్డనీ నన్నూ అన్నీ మర్యాదగా అడిగే మనుషుల మధ్య ఉన్నాను. అడగని మనిషి కోసం అంత ఆకలి నాలో ఉందని నాకే తెలియదు. మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ నాకూ ఒక ముక్క ఇచ్చారు.

బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి ఏ వయసు పిల్లలకీ కిటా ఫీజు లేదు, భోజనానికి నెలకి 23 యూరోలు కడితే సరిపోతుంది. ఇది ముందే తెలిసి ఉంటే లెక్క తొందరగా తేలేదేమో. కానీ మా నిర్ణయం ఆ కీరదోసకాయ దగ్గరే అయిపోయింది. ఇల్లు దొరకడం మాత్రం నరకం. ఒక్కో ఫ్లాటు చూడటానికి మెట్ల మీద నుంచి వీధిలోకి క్యూ. జీతం కాగితాలు, పాత ఓనరు ఉత్తరం, అన్నీ ఫైలులో పట్టుకుని పెళ్లిచూపులకి వెళ్లినట్టు వెళ్లాం. ఏడో ఇల్లు దొరికింది. గ్రౌండ్ ఫ్లోర్, వెలుతురు తక్కువ, వంటింటి కిటికీలోంచి చెత్తడబ్బాలు కనిపిస్తాయి. మిగతావాళ్లు పెద్దగా ఇష్టపడలేదు. మేం దానికోసమే వెతుకుతున్నాం.

వచ్చేముందు, మే నెలలో, మా ఆఖరి కేర్‌వోఖే రోజున మెట్లు తుడుస్తుంటే కింది ఆవిడ తలుపు తీశారు. వెళ్లిపోతున్నామని చెప్పాను. ఆవిడ మొహంలో నిజమైన ఆశ్చర్యం. "ఎందుకు? ఇక్కడి స్కూలు మంచిది. మీ అబ్బాయి ఇక్కడ చదువుకుంటాడనుకున్నానే" అన్నారు. నా వచ్చీరాని జర్మన్‌లో, దాచుకోకుండా, మీ ఉత్తరం అన్నాను. ఆవిడకి కాసేపు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, "అది ఒంటిగంట నుంచి మూడింటి వరకే కదా" అన్నారు. "మిగతా టైములో పిల్లాడు పరిగెత్తాలి కదా, పిల్లాడే కదా."

చీపురు పట్టుకుని నిలబడిపోయాను. ఏడు నెలలు నేను మోసిన ఉత్తరంలో ఆవిడ రాసింది రెండు గంటల సంగతి మాత్రమే. అందులో వెనక మాట లేదు. మేం అక్టోబరులోనే కార్పెట్ వేశాం. ఆ తర్వాత ఆవిడ వైపు నుంచి విషయం అయిపోయింది. నేనే ఆవిడ ఎదురైనప్పుడల్లా తల దించుకుని దిగిపోయాను. కూరగిన్నె పట్టుకుని నేనే కిందికి వెళ్లి ఉండాల్సింది. కనీసం ఒకసారి తలుపు కొట్టాల్సింది. వెళ్లేరోజు పులిహోర ఇచ్చాను. కారమా అని అడిగి తీసుకున్నారు.

అయినా బెర్లిన్ వచ్చినందుకు విచారం లేదు. సామాను దిగిన రోజు గదులన్నీ ఖాళీగా, చెక్కనేల మీద మా మాటలే ప్రతిధ్వనిస్తున్నాయి. మావాడు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో నిలబడి నేల వైపు చూశాడు.

"అమ్మా, కింద ఎవరుంటారు?"

"ఎవరూ లేరు నాన్నా. సెల్లార్."

వాడు గొంతు తగ్గించి మళ్లీ అడిగాడు. "నిజంగా ఎవరూ లేరా?"